ఏడు వాగుల వంత

గల్ఫ్ యుద్ధం మొదలైన ఆ తొంభై ఒకటి జనవరిలో నేను చేయాల్సిన పనులు ఇవి. క్యాంపులో ఉన్న అరవై కిటికీల అద్దాలకు గోధుమరంగు టేపు ఇంటూ గుర్తులా అతికించడం. రెండు వందల మంది ఇఖామాలకు, అంటే సౌదీలో ఉండనిచ్చే అనుమతి కాగితాలకు, మూడేసి నకళ్ళు తీసి ఒక కట్ట ఆఫీసులో, ఒకటి గేటు దగ్గర, ఒకటి నా పరుపు కింద పెట్టడం. విషవాయువు ముసుగులు నలభై వచ్చాయి. అవి ఎవరికివ్వాలో పేర్లు రాసి సంతకాలు తీసుకోవడం, మిగతావాళ్ళ ముఖాలు చూడకుండా తిరగడం. నీళ్ళ డ్రమ్ములు నింపించడం. చదువురానివాళ్ళ తరఫున ‘మేము క్షేమం, యుద్ధం ఇక్కడికి చాలా దూరం’ అని ఉత్తరాలు రాయడం. ఆ ఉత్తరాలు తీసుకుపోయే విమానాలు లేవని వాళ్ళకు చెప్పకపోవడం. మా అన్న గొంతు డాక్టరుకు చూపించడం.

చివరి పని నవంబరు నుంచీ నా చీటీలో ఉంది. మిగతావాటి గురించి పైనుంచి ఫోన్లు వచ్చేవి, దాని గురించి రాలేదు. అందుకే అది కిందనే ఉండిపోయింది.

ఖమీస్ ముషైత్ కొండల మీది ఊరు. సౌదీ అంటే మండే ఇసుక అనుకుని వచ్చినవాడు అక్కడ మొదటి వారంలోనే స్వెట్టరు కొనుక్కుంటాడు. ఆ చలికాలం వానలు కూడా పడ్డాయి. పట్టపగలే మంచు దిగేది, ఆ మంచులోంచి యుద్ధ విమానాలు లేచేవి. అవి లేచినప్పుడల్లా బల్ల మీద టీ గ్లాసులు జరిగేవి. మా మీద బాంబు పడలేదు. పడుతుందేమోనని ఎవరూ కుదురుగా కూర్చోలేదు, అంతే. అన్నం నిలబడి తినేవాళ్ళు. స్నానానికి పోయినవాడు చెప్పులు బయటివైపు తిప్పి పెట్టుకునేవాడు. రేడియో చుట్టూ పదిమంది చేరితే, వార్తలు సగం కాకముందే ఐదుగురు లేచిపోయి ఆకాశం చూసి వచ్చేవాళ్ళు.

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. మా అన్న భోజన్న ఇక్కడ పైపులు బిగిస్తుంటే నేను జగిత్యాలలో బీకాం చదివాను. చదువు అయ్యాక ఆయనే అడిగి ఇదే కంపెనీలో నాకు టైమ్‌కీపరు పని ఇప్పించాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. క్యాంపులో ఆయన్ని ‘మైకన్న’ అనేవాళ్ళు. మామూలుగా పిలిచినా రెండు బ్లాకుల అవతలివాడు పలికేంత గొంతు. దసరా నుంచి అది బొంగురుపోయింది. మిరియాలు, తేనె, వేడినీళ్ళు అన్నీ అయ్యాయి. జనవరికి మైకన్న పిలిస్తే పక్క మంచం మీదివాడు కూడా ‘ఆఁ?’ అని చెవి ఒగ్గాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టరు అద్దం పెట్టి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు. పది రోజుల తర్వాత మళ్ళీ పోయాం. ఆయన ఇంగ్లీషులో మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మాటపెట్టె, అంటే స్వరపేటిక, మొత్తం తీసెయ్యాలి. తీస్తే మనిషి బతుకుతాడు. కానీ ఇప్పుడు కాదు; పడకలన్నీ యుద్ధంలో గాయపడేవాళ్ళ కోసం ఖాళీగా ఉంచమన్నారు. యుద్ధం ఆగగానే మొదటి జాబితాలో పేరు పెడతాను. అప్పటిదాకా గట్టిగా మాట్లాడనీయకు.

వరండాలోకి వచ్చాం. 

"ఏమంటుండురా?" అన్నాడు అన్న.

"గొంతుల పుండున్నదట. కోసి తీస్తరట."

"తీస్తే?"

"పాణానికేం గాదట."

"పాణం సంగతి నేనడుగలే."

నేను చేతిలో ఉన్న ఫైలు మూసి, మళ్ళీ తెరిచాను. "మాట రాదన్నా."

ఆయన నా వైపు చూడలేదు. గోడ పొడుగునా పోతున్న నీళ్ళ పైపును చూశాడు, ఎక్కడ కారుతోందో వెతుకుతున్నట్టు. వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"మరి ఏడు వాగులు? అయి ఎవలకొస్తయిరా మనింట్ల?"

మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. అందరిళ్ళలో ఉండే కథలు మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటితోపాటు మాకు మాత్రమే వచ్చిన కథ ఒకటి ఉంది. మందను తోలుకుపోయి తిరిగి రాని అన్న కోసం కొమురవ్వ అనే పిల్ల ఏడు వాగులు దాటుతుంది. ఒక్కో వాగుకు ఒక్కో నడక, ఒక్కో రాగం. మా నాయన దగ్గర అన్న నేర్చుకున్నాడు. నాయన పోయాడు. వంత పాడే చిన్నాయన పోయాడు. నేను కథ మొదలుకాగానే పుస్తకం పట్టుకుని ఆ చప్పుడు వినపడని మూలకు పోయేవాణ్ణి. కాలేజీలో ఎవరైనా మీ అన్న ఏం చేస్తాడంటే పైపుల పని అనేవాణ్ణి. అది అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

"ఇంటికి పోయి నేర్పుత అంటే విమానాల్లేవు," అన్నాడు అన్న. "టేపుల ఎక్కియ్యాలె."

"గట్టిగ మాట్లాడొద్దన్నడు డాక్టరు."

"కోసి పారేసేదాన్ని దాచిపెట్టుడెందుకురా?"

టేపురికార్డరు ఉంది, అన్నదే. లేనిది చప్పుడు కాని చోటు. మా క్యాంపులో జనరేటరు రాత్రింబవళ్ళు రొద పెట్టేది. శుక్రవారం ఒక్కనాడు, మధ్యాహ్నం నమాజు తర్వాత నూనె మార్చడానికి ఆపేవాళ్ళు. సాయంత్రం నమాజుకు అజాన్ వినపడేలోగా మళ్ళీ నడిపించేవాళ్ళు. ఆ మధ్యలో ఉన్న గంటా గంటన్నరే మాకు నిశ్శబ్దం. దాన్ని ఆపేవాడు, నడిపేవాడు ఏమస్ పర్నెల్.

ఆయన అమెరికావాడు. నల్లవాడు, అరవై ఏళ్ళవాడు, పొడుగు. తలుపులకు అలవాటుపడి మెడ కొంచెం ముందుకు వంగింది. మిగతా అమెరికావాళ్ళు కంచెకు అవతల ఉండేవాళ్ళు. జనరేటర్ల పక్కన, ఆ రొదలో ఉండడానికి ఇంకెవరూ ఒప్పుకోకపోతే ఆయన రేకుల గదిని ఇటువైపు పెట్టారు. కిందటేడు ఒకనాడు అన్న దగ్గరికి వచ్చి రాగి పైపు ముక్క కావాలన్నాడు, చిటికెన వేలంత. అన్న కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాడు. ఎందుకో చూద్దామని వెంటే పోయాడు. ఏమస్ ఆ ముక్కను వేలికి తొడుక్కుని గిటారు తీగల మీద జార్చాడు.

"గొర్రెపిల్ల తప్పిపోయి ఏడ్చినట్టున్నదిరా," అని చెప్పాడు అన్న, వచ్చి. ఆ పాట పేరేమిటో అడగమన్నాడు. నేను మర్నాడు అడిగి వచ్చాను. బ్లూస్ అట, అంటే నీలం రంగు లాంటిది అన్నాను.

"నీలమేందిరా? ఎర్రగుంటే!"

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అన్న అక్కడికి పోయేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఈయనకు తెలుగు రాదు. అన్న ఆయన్ని మామా అనేవాడు. ఆయన అన్నను బోజ్ అనేవాడు, నన్ను ప్రొఫెసర్ అనేవాడు. పోవద్దని నేను చాలాసార్లు చెప్పాను. లేబరు వాళ్ళు అమెరికావాళ్ళ గదుల్లోకి పోకూడదని నోటీసు టైపు చేసి అతికించింది నేనే.

అయినా ఫిబ్రవరి మొదటి శుక్రవారం నేనే రికార్డరు మోసుకుని ఆ గదికి పోయాను.

జనరేటరు ఆగింది. చెవులు హోరుమన్నాయి. అన్న ఖాళీ నీళ్ళ క్యాను బోర్లించి వేళ్ళతో దరువు చూసుకున్నాడు. నేను ఎర్ర బటన్ నొక్కాను. ఆయన మొదటి చరణం ఎత్తుకున్నాడు.

"ఇసుకల అడుగులు ఎవ్వరివే కొమురవ్వా? నా మందవి గావు..."

ఆగాడు. క్యాను మీద వేళ్ళు కొట్టుకుంటున్నాయి, గొంతు ఆగింది. నా వైపు చూశాడు. నేను తిరుగుతున్న టేపు చూస్తున్నాను.

"ఏమైందన్నా? పాడు."

"వంతేది?"

"నువ్వు పాడు. నేను ఎక్కిస్తున్న గద."

"వంత లేంది ఎట్ల పాడుత? గోడకు జెప్పుదునా?"

మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. ఆయన మొండికెయ్యడం కాదు. కథకుడు చరణం అంటాడు, వంతవాడు దాని తోక అందుకుని తిరిగి ఇస్తాడు. ఇచ్చినప్పుడే ఊపిరి, ఇచ్చినప్పుడే తర్వాతి మాట. ముప్ఫై ఏళ్ళుగా అట్లా నడిచిన గొంతు ఒంటరిగా నడవలేకపోయింది. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తోక అందుకోవడం నాకు వచ్చో రాదో నేను ఆలోచించలేదు. డిగ్రీ చదివినవాణ్ణి, టేపు ఎక్కించడం వరకే నా పని అనుకున్నాను.

ఏమస్ అడిగాడు ఏమైందని. చెప్పాను. జవాబు ఇచ్చే మనిషి లేకపోతే ఈ కథ నడవదని.

ఆయన నవ్వాడు. "మా అమ్మ చర్చిలో పాస్టరు ఒక మాట అంటే ఊరంతా జవాబు చెప్పేది. పత్తి చేలో ఒకడు ఎత్తుకుంటే సాలు అవతలివాడు అందుకునేవాడు. నేను పుట్టింది జవాబులోనే. మొదలుపెట్టమను."

గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు, రాగి ముక్క వేలికి తొడిగాడు. అన్న అదే చరణం అన్నాడు. ‘గావు’ దగ్గర గొంతు ఎక్కడ దిగిందో సరిగ్గా అక్కడే గిటారు అందుకుని, ఇంకో మెట్టు కిందికి దించి వదిలింది. అన్న ఒళ్ళంతా అటు తిరిగింది. రెండో చరణం దానంతటదే వచ్చింది. ఐదో చరణానికి వచ్చేసరికి, ఎక్కడ జవాబు కావాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆ మనిషికి తెలుగు ముక్క రాకుండానే తెలిసిపోయింది. మొదటి వాగు ఆ రోజే దాటాం.

ఆ శుక్రవారాల్లో, అన్న గొంతు తడుపుకునే సందుల్లో, ఆయన తన బతుకు చెప్పేవాడు. వరుసగా కాదు. చెబుతూ కిటికీ దగ్గరికి పోయేవాడు, విమానం చప్పుడయితే ఆగేవాడు, చల్లబడుతున్న ఇంజను ఎట్లా ఉందో చూసి వచ్చేవాడు.

"మా నాన్న ఫిడేలు వాయించేవాడు, తెల్లవాళ్ళ నాట్యాలకు. నాకూ ఫిడేలే మొదట. నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఫిడేలు ఎవడికీ అక్కర్లేదు, గిటారు పట్టాను. గిటారువాళ్ళు ఎక్కువయ్యారు, పియానో నేర్చుకున్నాను. కొరియాకు పంపితే సైన్యం బ్యాండులో డ్రమ్ము ఇచ్చారు. మౌత్ ఆర్గాన్ ఎట్లాగూ జేబులో ఉండేదే. శనివారం సారా కొట్లో బ్లూస్, ఆదివారం చర్చిలో దేవుడి పాట. కొండల మీది తెల్లవాళ్ళు వాళ్ళ పాటలు వాయించమంటే అవీ వాయించాను. పట్నంలో సూటు వేసుకుని జాజ్ వాయించాను. ఇది నాకు రాదు అని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పూట తిండి లేదు."

అన్నకు ఇదంతా తెలుగులో చెప్పాను.

"మనం కాదా మరి?" అన్నాడు అన్న. "పెండ్లికి పిలిస్తే పెండ్లి కథ, సావుకు పిలిస్తే సావు కథ. అడుగురా, నీ సొంతంది ఏదని."

అడిగాను. ఆయన చాలాసేపు తీగలు బిగిస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒకే చోట తిరుగుతూ, అడుగు ఈడ్చినట్టుండే పాట ఒకటి వాయించాడు. అది ఎవరూ అడగనిదట. భార్య పోయాక వచ్చిందట. ఆమె పోయిన ఇంట్లో ఉండలేకే అరవై ఏళ్ళ వయసులో ఈ ఇంజన్ల పనికి ఒప్పుకుని ఇంత దూరం వచ్చాడు.

"ఇది మూడో వాగు నడక!" అన్నాడు అన్న, క్యాను మీద అరచేయి చరిచి. "నాదగ్గర దొంగిలించిండు మామ!"

"బోజ్‌ను చూడకముందే దొంగిలించాను అని చెప్పు," అన్నాడు ఏమస్.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి.

యుద్ధం మొదలవగానే బజారులో టేపు, బ్యాటరీలు, ఖాళీ క్యాసెట్లు మాయమయ్యాయి. మా క్యాంపు పికప్ నడిపే చాంద్ బాషా, కడప పక్కవాడు, ఎక్కడెక్కడో తిరిగి ఐదు క్యాసెట్లు తెచ్చిపెట్టాడు. ఒక్కోటి గంట. నేను లెక్క వేశాను. ఏడు వాగులు, గిటారు జవాబులతో కలిపితే ఐదు క్యాసెట్లలో పట్టవు. జవాబులు తీసేస్తే సరిగ్గా పడతాయి. చలికి నా ఒళ్ళో దుప్పటి, దుప్పటి మీద రికార్డరు ఉండేది. అన్న చరణం అవగానే బొటనవేలితో ఆపే మీట నొక్కేవాణ్ణి, తర్వాతి చరణం ఎత్తగానే వదిలేవాణ్ణి. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు, నా వేలిని ఎవరూ చూడలేదు. ఊళ్ళో అమెరికా గిటారు ఎవడు వింటాడు, మాటలు దక్కితే చాలదా అనుకున్నాను. పని శుభ్రంగా చేస్తున్నానని గర్వపడ్డాను కూడా.

మూడు వాగులు అట్లాగే అయిపోయాయి.

తర్వాతి వారం డాక్టరు చూస్తానంటే చాంద్ బాషా పికప్‌లో పోతున్నాం. రికార్డరు మా మధ్య ఉంది. "పెట్టురా, జర ఇందాం," అన్నాడు అన్న. పెట్టాను. మొదటి చరణానికి కళ్ళు మూసుకుని నవ్వాడు. రెండో చరణం దాని మీదికే వచ్చి పడింది. మూడోది రెండోదాన్ని తోసింది. అన్న కళ్ళు తెరిచాడు.

"మామేడి?"

"కథ మొత్తం ఉన్నదన్నా. ఒక్క మాట పోలే."

"మామేడిరా?"

చెప్పాను. క్యాసెట్ల లెక్క కూడా చెప్పాను. అన్న ఇంకో నాలుగు చరణాలు విన్నాడు. ఊపిరి లేకుండా పరుగెత్తుతున్న తన గొంతును, ఎవరో తరుముతున్నట్టు.

"ఇది కథ గాదు," అన్నాడు. "అర్జీ. నువ్వు ఆఫీసుకు రాస్తవు సూడు, గట్లున్నది."

చాంద్ బాషా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "ఏమప్పా స్వామీ, బిర్యానీలో తునకలన్నీ ఏరి పారబోసి వట్టి అన్నం దాచిపెట్టినావే."

అన్న బండి ఆపమన్నాడు. దిగి నడవడం మొదలుపెట్టాడు. చాంద్ బాషా పక్కనే మెల్లగా బండి పోనిస్తూ "ఎక్కు భోజన్నా, చలి ఉండాది, ఎక్కబ్బా," అని మూడు మైళ్ళు బతిమాలాడు. ఎక్కలేదు.

ఆ శుక్రవారం ఆయన ఏమస్ గదికి రాలేదు. ఆయన ఇక మొదటి మూడు వాగులు మళ్ళీ పాడలేడు. గంట పాడితే మర్నాడంతా నీళ్ళు కూడా మింగలేకపోతున్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఒక్కణ్ణే పోయి ఏమస్‌కు జరిగింది చెప్పాను. దాచితే దాగేది. కానీ ఆయన గిటారు తుడిచి సిద్ధంగా పెట్టుకుని మా కోసం చూస్తున్నాడు.

ఆయన విన్నాడు. గుడ్డతో వేళ్ళ నూనె తుడుచుకున్నాడు.

"స్టూడియోల్లో నా వేళ్ళు ఉంచుకుని పేరు తీసేసేవాళ్ళు, ప్రొఫెసర్," అన్నాడు. "నువ్వు వేళ్ళు కూడా తీసేశావు. నీది కొంచెం నిజాయితీ." నవ్వాడు గానీ, ఆ రోజు వాయించలేదు. ఇంజను నూనె మార్చి, టైము కాకముందే నడిపించేశాడు.

ఫిబ్రవరి ఆఖరున యుద్ధం ఆగింది. క్యాంపంతా మైదానంలో నిలబడి ఏం చేయాలో తెలియక ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపారు. నేను కిటికీల టేపు పీకించే పనిలో పడ్డాను. మూడో రోజు ఆసుపత్రి నుంచి కబురు: ఆపరేషన్ మార్చి పద్దెనిమిది, సోమవారం.

అన్నను మళ్ళీ ఆ గదికి తెచ్చింది చాంద్ బాషానే. రెండు పాత క్యాసెట్లు నా చేతిలో పెట్టాడు. "నా పెండ్లి ఖవ్వాలీ. దీని మీదే ఎక్కించు. నా పెండ్లాం హాజిరాకు మాత్రం చెప్పొద్దు, ఇండియాకొస్తే నన్ను ఇంట్లోకి రానీదు." అన్నతో అన్నాడు: "తమ్ముడు ఎర్రిపని చేసినాడు, నిజమే. అలిగి నాలుగు వాగులు గూడా మింగుతావా?"

నాలుగో వాగు, ఐదో వాగు, ఆరులో సగం. ఈసారి రికార్డరును బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అన్న గొంతు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చేది. అది తగ్గినకొద్దీ ఏమస్ గిటారును తగ్గించాడు. ఆఖరికి తీగ మీద వేలు ఆన్చి తీసినంత చప్పుడు మాత్రమే. ఆ క్యాసెట్లు ఇప్పుడు విన్నా రెండు ముసలి గొర్రెలు పక్కపక్కన నెమరేస్తున్నట్టుంటుంది.

ఇంకా వాగున్నర మిగిలింది, ఒక శుక్రవారం మిగిలింది. బుధవారం నా బల్ల మీదికి కాగితం వచ్చింది. జనరేటర్ల పని తెలిసినవాళ్ళను కువైట్‌కు పంపాలి, అక్కడ కరెంటు లేదు. జాబితాలో మొదటి పేరు ఆయనది. గురువారం పొద్దున్నే లారీ. ప్రయాణపు కాగితం టైపు చేసింది కూడా నేనే. మూడుసార్లు తప్పు కొట్టాను.

ఏమస్ సామాను ముందే కట్టి ఉంది. ఎక్కడికైనా పోవడానికి తయారుగా ఉండే మనిషి సామాను. అన్నతో చేతులు కలిపి చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రేపు నువ్వే."

"నాకు రాదు."

"నీకు మాటలైనా తెలుసు. నాకు అవి కూడా తెలియవు." లారీ మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ దించాడు. "ఆయన నీకేసి చూస్తాడు. చూసినప్పుడు టేపు చూడకు."

మర్నాడు జనరేటరు ఆగలేదు. కొత్తగా వచ్చినవాడు నూనె ఇంకో వారానికి మారుస్తానన్నాడు. చాంద్ బాషా మమ్మల్ని పికప్ ఎక్కించుకుని ఊరు దాటించి, కొండ రోడ్డు మీద చెట్లున్న చోట ఆపాడు. సన్నగా తుంపర. పైన బండల మీద కోతుల గుంపు మా వైపే చూస్తోంది.

"వినేటోల్లు ఉండారులే," అన్నాడు చాంద్ బాషా.

అన్న దుప్పటి కప్పుకుని బండి వెనకాల కూర్చున్నాడు. క్యాను తేవడం మర్చిపోయాం. నా మోకాలు ముందుకు లాక్కుని దాని మీద దరువు వేశాడు.

"ఎండిన గడ్డల మంద వాసనే కొమురవ్వా? నీ అన్న అడుగులు గావు..."

చూశాడు.

"గావు," అన్నాను.

నా గొంతు చీలింది. అన్న నవ్వలేదు, మెచ్చుకోలేదు. నా మోకాలి మీద దరువు వదలకుండా తర్వాతి చరణానికి పోయాడు.

చాంద్ బాషా నా ఒళ్ళోంచి రికార్డరు తీసుకున్నాడు. "నేను పట్టుకుంటాలే. నువ్వు పాడు."

ఆరో వాగు దాటాం. ఏడో వాగు సగంలో అన్న పెదవులు కదిలాయి, మాట రాలేదు. దరువు మాత్రం ఆగలేదు. నేను చరణమూ అన్నాను, తోకా అన్నాను. తర్వాతిదీ అన్నాను. ఎట్లా వచ్చాయో నాకు తెలియదు. వినపడని మూల అనేది మా ఇంట్లో ఎన్నడూ లేదన్నమాట. ఒకచోట పదం తప్పితే మోకాలి మీద గట్టిగా చరిచాడు, సరిచేసుకున్నాను. ఏడో వాగు దగ్గర మంద దొరుకుతుంది, అన్న దొరకడు. కొమురవ్వ కర్ర అందుకుని మందను ఇంటికి తోలుకొస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ చివరి క్యాసెట్‌లో వాన ఉంది, కోతుల అరుపు ఉంది, నా గొంతు ఉంది. అన్నది దరువే ఉంది.

పద్దెనిమిదిన ఆపరేషన్ అయింది. ముందు రోజు ఉగాది, ఆ రోజే రంజాన్ మొదలైంది. చాంద్ బాషా ఉపవాసంతోనే మమ్మల్ని దించి, సాయంత్రం దాకా వరండాలో అటూ ఇటూ తిరిగాడు. అన్న బతికాడు. వేసవిలో ఇద్దరం పాస్‌పోర్టుల్లో ఖురూజ్, అంటే ఇక తిరిగి రామనే ముద్ర, కొట్టించుకుని ఇంటికి వచ్చేశాం. మెడలో రంధ్రం మీద తువ్వాలు కప్పుకుని ఇంకో తొమ్మిదేళ్ళున్నాడు. మా వదిన గౌరవ్వ ఆయన పెదవులు చూసి మాట చెప్పేది. మా అవ్వ దేవవ్వ, ఆయన్ని కన్నది, చూడకుండానే చెప్పేది.

ఆ తొమ్మిదేళ్ళూ నాకు నేర్పాడు. మోకాలి మీద కొట్టి నేర్పాడు. మండలాఫీసులో గుమాస్తా పని చేసుకుంటూ, కథ చెప్పమని పిలిచిన ఇళ్ళలో ఒగ్గు డమరుకం పట్టి నిలబడడం అలవాటైంది. నాలుగు నుంచి ఏడు వాగుల దాకా క్యాసెట్లున్నాయి, ఇబ్బంది లేదు. మొదటి మూడు వాగుల్లో జవాబులు లేవు. నేనే నొక్కి తీసేశాను. టేపు పెట్టుకుని కూర్చుని, అక్కడ ఏమస్ ఏం వాయించాడో గుర్తుచేసుకుని అనేవాణ్ణి. అన్న తల అడ్డంగా ఊపేవాడు. ఇంకో రకంగా అనేవాణ్ణి. మళ్ళీ అడ్డంగా. కొన్నింటికి మాత్రం కళ్ళు మూసుకునేవాడు, అంటే అదేనని. మిగతావి దొరక్కముందే ఆయన పోయాడు. కంపెనీ చిరునామాకు ఏమస్‌కు మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి తిరిగి వచ్చింది.

మీరు మా పక్కకు ఎప్పుడైనా వస్తే, ఎవరింట్లోనైనా ఏడు వాగుల కథ జరుగుతుంటే కూర్చోండి. మొదటి మూడు వాగుల్లో వంత దగ్గర నేను తడబడతాను, ఇప్పటికీ. నాకు కథ రాక కాదు. అక్కడ ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషిని గుర్తుపెట్టుకోండి. పేరు ఏమస్ పర్నెల్. ఫిడేలు, గిటారు, పియానో, మౌత్ ఆర్గాన్, డ్రమ్ము వాయించేవాడు. శుక్రవారాలు ఇంజను ఆపి మా అన్న మాట విన్నాడు.